ఇండోనేషియాకు శనక్కాయలు పంపి, వాళ్ల దగ్గర పామాయిల్ కొనడమేంది? రెండు దేశాల సరుకుల లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

కళ్యాణదుర్గం_కుర్రాడు

అందరికీ నమస్తే. అనంతపురంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నా, చివరి సెమిస్టర్. ప్రాజెక్టుకు ఇండియా-ఇండోనేషియా వ్యాపారం తీసుకున్నా. అంటే మొత్తం ఎన్ని డాలర్లు అన్నది కాదు, అందులో ఏ సరుకు వాటా ఎంత, అక్కడినుంచి ఏం వస్తోంది, ఇక్కడినుంచి ఏం పోతోంది అని. మొత్తం లెక్క దొరికింది. 2022-23లో రెండు వైపులా కలిపి దాదాపు 3,880 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాదికి 2,900 కోట్ల చిల్లరకు పడింది. అందులో మనం పంపింది 600 కోట్ల డాలర్లు మాత్రమే, మిగతా అంతా మనం కొన్నదే. ఒక్క ఏడాదిలో అంత ఎందుకు పడిందో నాకు అర్థం కాలేదు, గైడ్ సారు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంకోటి, ఇది మా నాయన అడిగిన ప్రశ్న. మాకు మెట్ట భూమి, శనక్కాయే పంట. మన కాయలు ఇండోనేషియావాళ్లు కొంటారని, మనం వాళ్ల దగ్గర నూనె కొంటామని చెప్తే నవ్వాడు. మన కాయ మనమే ఆడించుకుంటే వాళ్ల నూనె ఎందుకురా అన్నాడు. నాకూ అది సబబుగానే అనిపించింది. ఇందులో మతలబు ఏమైనా ఉందా? ఇంకా హెచ్‌ఎస్ కోడ్‌లు (సరుకులను వర్గీకరించడానికి అన్ని దేశాలూ వాడే అంకెలు) రెండంకెలవి తీసుకోవాలా, నాలుగంకెలవా అన్నదీ తేలలేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఆదోని_మిల్లు

తమ్ముడూ, మాకు కాయ కొట్టే మిల్లు, గ్రేడింగ్ ఉంది కాబట్టి నూనె సంగతి నేను చెప్తా, డాలర్ల సంగతి సార్లు చూసుకుంటారు.

ముందు ఒకటి తెలుసుకో. ఇండోనేషియావాళ్లు మన బుడ్డల్ని (శనక్కాయల్ని) నూనె తీయడానికి కొనరు, తినడానికి కొంటారు. వేయించి, పూత పూసి పొట్లాలు కట్టి అమ్ముతారు, వాళ్ల వంటల్లో బుడ్డల పచ్చడి లాంటిది లేకుండా చాలా కూరలు ఉండవు. అందుకే వాళ్లకు ఏరిన పప్పు కావాలి. మేం జల్లెడ పట్టి, ముక్కలు, ముడతలు, రంగు మారినవి తీసేసి కౌంట్ ప్రకారం కడతాం. కౌంట్ అంటే ఒక ఔన్సుకు ఎన్ని గింజలు తూగుతాయి అన్నది. 50/60 అంటే పెద్ద గింజ, 80/90 అంటే చిన్నది. మన వైపు గుత్తిగా కాసే రకాల పప్పును వ్యాపారంలో జావా అనే అంటారు, గుజరాత్ నుంచి వచ్చే లావు గింజను బోల్డ్ అంటారు. ఎగుమతికి పోయేది ఏరిన సరుకు, గానుగకు పోయేది ఏరగా మిగిలింది. ఈ రెండింటి మధ్య కిలోకు ఎంత తేడా ఉంటుందో మీ నాయనకు నేను చెప్పనక్కర్లేదు, యార్డులో చూసే ఉంటాడు.

ఇంక ఆడించుకుంటే పోదా అన్న మాట. లెక్క వేద్దాం. వంద కిలోల కాయ కొడితే మంచి ఏడాదిలో 70 కిలోల పప్పు వస్తుంది, వాన ఎగ్గొట్టిన ఏడాదిలో 60 దాటితే గొప్ప. ఆ 70 కిలోలు ఆడిస్తే నూనె ముప్పై కిలోలు, మిగతా చెక్క (నూనె తీయగా మిగిలే పిప్పి). మన మెట్టలో ఎకరాకు నాలుగు క్వింటాళ్ల కాయ పండిందనుకో (అనంతపురంలో ప్రతి ఏడాదీ అది కూడా రాదు), అంటే ఎకరాకు 120 కిలోల నూనె. ఇండోనేషియాలో మంచి పామాయిల్ తోట హెక్టారుకు 4 టన్నుల దాకా నూనె ఇస్తుంది, అంటే ఎకరాకు 1,600 కిలోలు. పదమూడింతలు! అందులోనూ అది ఏడాది పొడుగునా గెలలు వేసే చెట్టు, మనది వాన కోసం ఆకాశం చూసే పంట.

మన దేశం అన్ని చోట్ల నుంచీ కలిపి 2023-24 నూనె సంవత్సరంలో (నవంబరు నుంచి అక్టోబరు దాకా) సుమారు 90 లక్షల టన్నుల పామాయిల్ తెచ్చుకుంది. దానికి బదులు మన బుడ్డల నూనే వాడాలంటే ఎకరాకు 120 కిలోల చొప్పున ఏడున్నర కోట్ల ఎకరాలు కావాలి. ఆంధ్రప్రదేశ్ మొత్తం, కొండలు, చెరువులు, ఊళ్లు అన్నీ కలిపినా దాదాపు నాలుగు కోట్ల ఎకరాలే. తిరుమల కొండ మీద కూడా బుడ్డలు వేసినా చాలదు.

పైగా పామాయిల్ కొనేది ఎవరు? ఇంట్లో తాలింపుకు మనం పోసేది తక్కువ. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ ఏ నూనెలో వేగుతుందో బండివాణ్ణి అడిగి చూడు. బిస్కెట్లు, మిక్చర్లు, సబ్బులు అన్నింట్లోనూ అదే. ఆ బండివాడు బుడ్డల నూనెతో బజ్జీ వేస్తే ప్లేటు ధర ఎంత పెట్టాలో, ఎంతమంది కొంటారో మనకు తెలుసు. కాబట్టి ఇది ఎగతాళి బేరం ఏమీ కాదు, ఖరీదైన తిండి గింజ అమ్మి చౌక నూనె కొంటున్నాం, అంతే.

మెట్టరైతు_ఉరవకొండ

అన్నా మీ లెక్క బాగానే ఉంది గానీ అసలు సంగతి దాటేశారు. బయటి నూనె చౌకగా దిగితే ఇక్కడ నూనె మిల్లువాడు కాయకు రేటు పెంచడు, అది మాకు తగిలే దెబ్బ. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు అని పేపర్లో వేస్తారు, యార్డులో ఆ రేటు చూపించండి సామీ. సుంకం ఎప్పుడు పెంచుతారో, ఎప్పుడు దించుతారో ఆ పెద్దమనుషులకే తెలియాలి.

యర్రగుంట్ల_సిమెంట్

నూనె దగ్గరే ఆగిపోయారు అందరూ. ఇండోనేషియా నుంచి మనకు వచ్చేదాంట్లో మొదటిది బొగ్గు. పామాయిల్ తర్వాత. ఈ రెండూ కలిపితేనే దిగుమతిలో సగం దాటుతుంది.

నేను కొనుగోలు విభాగంలో ఉన్నా, మా వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో ఇది రోజూ ఉండే చర్చ. మన దేశపు బొగ్గులో బూడిద మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సిమెంట్‌లో ఆ బూడిద ఎక్కడికీ పోదు, కొలిమిలోనే, పొడి చేస్తే సిమెంట్ అయ్యే క్లింకర్‌లో కలిసిపోతుంది, దాన్నిబట్టి సున్నపురాయి పాళ్లు మార్చుకోవాలి. ఇండోనేషియా బొగ్గులో బూడిద తక్కువ, గంధకం తక్కువ, కానీ నీళ్లు ఎక్కువ. 4200 గ్రేడ్ అని అడుగుతుంటారే, అది కిలోకు ఎన్ని కిలోకేలరీల వేడి ఇస్తుందన్న లెక్క. కుప్ప పోసి ఎక్కువ రోజులు ఉంచితే తనంతట తనే రాజుకుంటుంది, ఎండాకాలంలో మా యార్డువాళ్లకు అదో టెన్షన్. కృష్ణపట్నంలో దిగిన సరుకు వెంకటాచలం-ఓబులవారిపల్లె రైలు మార్గం 2019లో వచ్చాక కడప వైపు చేరడం సులువైంది, అంతకుముందు చుట్టు తిరిగి రావాల్సి వచ్చేది.

కుర్రాడా, నీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బొగ్గు ధర ఆకాశంలో కూర్చుంది. పామాయిల్ కూడా అంతే, అక్కడి పొద్దుతిరుగుడు నూనె ఆగేసరికి అందరూ పామాయిల్ మీద పడ్డారు. 2023లో రెండింటి ధరలూ దిగాయి. కాబట్టి దిగుమతి 2,880 కోట్ల డాలర్ల నుంచి 2,340 కోట్లకు పడిందంటే మనం ఆ మేరకు తక్కువ సరుకు తెచ్చుకున్నామని అనుకోకు. డాలర్ల పక్కన టన్నుల కాలమ్ కూడా పెట్టు, అప్పుడు తెలుస్తుంది. ఇది పెట్టకుండా చేసే ప్రాజెక్టులు చాలా చూశా, "వ్యాపారం కుంచించుకుపోయింది" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు.

కడప_లెక్చరర్

యర్రగుంట్ల మిత్రుడు దిగుమతి సంగతి చెప్పారు, ఎగుమతి ఎందుకు పడిందో నేను చెప్తా. 1,000 కోట్ల డాలర్ల నుంచి 600 కోట్లకు పడటానికి ధరలు ఒక్కటే కారణం కాదు, మన సొంత ఆంక్షలూ ఉన్నాయి. మన ముడి చక్కెరను ఇండోనేషియా బాగా కొనేది. 2022 జూన్ నుంచి కేంద్రం చక్కెర ఎగుమతికి పగ్గం వేసింది, 2023-24 సీజన్‌లో పూర్తిగా ఆపేసింది. ఆ వరస అంతా పట్టికలోంచి మాయమైంది. ఇంకో పెద్ద పద్దు రిఫైనరీల నుంచి పోయే డీజిల్, పెట్రోల్ లాంటివి. అవి ఏ ఏడాది ఎటు ధర బాగుంటే అటు పోతాయి, వాటిని చూసి స్నేహం పెరిగింది, తగ్గింది అని రాయకూడదు. మిగతావి వాహనాలు, వాటి భాగాలు, ఉక్కు, రసాయనాలు, గేదె మాంసం (దీనికి వాళ్లు తలుపు తీసిందే 2016లో), వేరుశనగ.

వాళ్ల వైపు నుంచి కూడా ఇదే ఆట. 2022 జనవరిలో తమ విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చాలడం లేదని నెల పాటు బొగ్గు ఎగుమతి ఆపారు. అదే ఏడాది ఏప్రిల్ 28న పామాయిల్ ఆపి, మే 23న మళ్లీ వదిలారు. మన కిరాణా కొట్లలో నూనె పాకెట్ ధర అప్పుడు ఎలా ఎగిరిందో ఇంట్లో అడిగితే చెప్తారు. నికెల్ ముడి ఖనిజాన్నయితే 2020 నుంచి బయటికే పంపడం లేదు. కరిగించి, ఇనుము కలిసిన ఫెర్రోనికెల్‌గానో స్టెయిన్‌లెస్ స్టీల్‌గానో మార్చి అమ్ముతున్నారు. ఈ ఒక్క నిర్ణయంతో మన దిగుమతి పట్టికలో కూడా సరుకు రూపం మారింది. ప్రాజెక్టులో ఒక అధ్యాయం దీనికి ఇవ్వు, మిగతా విద్యార్థులు ఎవరూ రాయరు.

ఇంక కోడ్‌ల సంగతి. రెండంకెలు చాలవు. 27వ అధ్యాయం (అంటే 27తో మొదలయ్యే కోడ్‌లన్నీ) తీసుకుంటే మనం కొనే బొగ్గు, మనం అమ్మే డీజిల్ ఒకే గంపలో పడతాయి. 12వ అధ్యాయంలో వేరుశనగతో పాటు నువ్వులు, విత్తనాలు, మందు మొక్కలు అన్నీ ఉంటాయి. నాలుగంకెలు తీసుకో. వేరుశనగ 1202, పామాయిల్ 1511, బొగ్గు 2701, దానితో పాటు 2702 కూడా చూడు, తక్కువ రకం బొగ్గు కొంత అందులో పడుతుంది. చక్కెర 1701, పెట్రో ఉత్పత్తులు 2710, కార్లు 8703. పామాయిల్‌కు మాత్రం ఆరంకెలకు వెళ్లు, 151110 అంటే ముడి నూనె, 151190 అంటే శుద్ధి చేసింది. ఈ రెండింటి మధ్య గీత దగ్గరే అసలు తగువంతా ఉంది.

ఉరవకొండ అన్న అడిగిన సుంకం కథ కూడా అక్కడే వస్తుంది. ఆసియాన్ దేశాలతో (ఇండోనేషియా కూడా ఉన్న ఆగ్నేయాసియా కూటమి) మన సరుకుల ఒప్పందం 2009లో కుదిరి 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ముడి పామాయిల్ సుంకం 80 శాతం నుంచి మెట్లు మెట్లుగా 37.5కు, శుద్ధి చేసినదాని మీద 90 నుంచి 45కు దిగాలి. అది గరిష్ఠ హద్దు మాత్రమే, అంతకన్నా తక్కువ పెట్టుకోవడం మన ఇష్టం. ధరలు మండినప్పుడల్లా మన వాళ్లు దించుతూ వచ్చారు. 2024 సెప్టెంబరులో రైతుల కోసమని సెస్సులతో కలిపి ముడి నూనె మీద 27.5 శాతం, శుద్ధి చేసినదాని మీద 35.75 శాతం చేశారు. 2025 మే చివర ముడి నూనెది మాత్రం 16.5కు దించారు. పైకి చూస్తే వినియోగదారుడి కోసం. కానీ రెండింటి సుంకాల మధ్య తేడా ఎనిమిది శాతం నుంచి పంతొమ్మిది దాటడంతో లాభపడింది కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల దగ్గరున్న రిఫైనరీలు. ముడి నూనె తెచ్చి ఇక్కడ శుద్ధి చేస్తే వాళ్లకు పని, శుద్ధి చేసింది నేరుగా దిగితే పని లేదు. ఇండోనేషియా కూడా తక్కువేం తినలేదు. ముడి నూనె బయటికి పోతే ఎక్కువ పన్ను, శుద్ధి చేసిందైతే తక్కువ పన్ను వేస్తుంది, పని తమ దగ్గరే ఉండాలని. ఈ పోటీలో రైతు అనేవాడు ఎక్కడా లెక్కలో లేడు, అందులో ఉరవకొండ అన్న మాట నిజం.

ఇంకో హెచ్చరిక. మన లెక్కలో ఎగుమతికి ఓడ ఎక్కేదాకా ఉన్న ధర వేస్తారు, దిగుమతికి ఓడ కిరాయి, బీమా కూడా కలుపుతారు. వాళ్ల లెక్కలో కూడా అలాగే. కాబట్టి మనం ఇంత పంపాం అన్న అంకె, వాళ్లు ఇంత కొన్నాం అన్న అంకె ఎప్పుడూ ఒకటి కావు. కొంత సరుకు సింగపూర్ మీదుగా కూడా తిరుగుతుంది. ఒకే వైపు లెక్క పట్టుకో, వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో ఎగుమతి దిగుమతి డేటా బ్యాంకు ఉంది, దేశం, కోడ్, ఏడాది కొడితే డాలర్లూ టన్నులూ రెండూ ఇస్తుంది. ఉచితమే.

కళ్యాణదుర్గం_కుర్రాడు

సార్, చాలా థాంక్స్. టన్నుల కాలమ్ అసలు తట్టలేదు నాకు. వాహనాల సంగతి చెప్పారు కదా, పెనుకొండ కియా ఫ్యాక్టరీ కార్లు కూడా అందులో ఉన్నాయా? ఉంటే మన జిల్లా పేరు ఒక చోట రాసుకోవచ్చని ఆశ. (కొత్త లెక్కలో అది సత్యసాయి జిల్లా అని తెలుసు, మాకు నోరు తిరగదు.)

పెనుకొండ_లైన్

ఉన్నాయి బ్రో. సెల్టోస్, సోనెట్ రెండూ ఇక్కడినుంచి ఇండోనేషియాకు పోయాయి. సోనెట్‌లో ఏడు సీట్లది ఒకటి 2021లో వాళ్ల మార్కెట్ కోసమే చేశారు, అది మన దగ్గర షోరూముల్లో దొరకదు. మనూరి పక్కన తయారైన బండి మనమే కొనలేకపోవడం కూడా ఒక వాణిజ్యమే. అయితే ఇందులో కొన్ని భాగాలు కొరియా నుంచి వస్తాయి కాబట్టి కారు విలువ మొత్తం అనంతపురందే అని రాస్తే సారు ఎర్ర పెన్ను పెడతాడు, జాగ్రత్త.

మెట్టరైతు_ఉరవకొండ

కార్లు, డీజిలు సరే. మా కాయ వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు.

ఆదోని_మిల్లు

చెప్తా అన్నా. 2024-25లో ఇండోనేషియాకు పోయిన బుడ్డల విలువ 28 కోట్ల డాలర్ల చుట్టూ. మన దేశపు మొత్తం వేరుశనగ ఎగుమతిలో మూడో వంతుకు పైగా వాళ్లొక్కళ్లే కొన్నారు. అంటే వాళ్లతో మన మొత్తం వ్యాపారంలో చూస్తే ఇది ఎండిన చెరువులో బిందెడు నీళ్లు, బుడ్డల వ్యాపారంలో చూస్తే మాత్రం చెరువంతా అదే. అందుకే కుర్రాడు రెండు వాటాలూ వేయాలి. రెండు దేశాల వ్యాపారంలో ఆ సరుకు వాటా ఒకటి, ఆ సరుకు ఎగుమతిలో ఆ దేశం వాటా ఇంకోటి. మొదటిది చూసి ఢిల్లీవాళ్లు పట్టించుకోరు, రెండోది చూసి మాకు నిద్ర పట్టదు.

ఎందుకు పట్టదో 2025 సెప్టెంబరులో తెలిసింది. అఫ్లాటాక్సిన్ ఎక్కువ ఉందని ఇండోనేషియా మన బుడ్డల్ని తాత్కాలికంగా ఆపేసింది. కొత్త పంట రాబోయే ముందు ఆ వార్త. అఫ్లాటాక్సిన్ అంటే బూజు విషం. గింజ ఊరే టైముకు వాన ఆగి, నేల వేడెక్కితే ఆ బూజు భూమిలో ఉన్నప్పుడే పట్టుకుంటుంది, మన వైపు సెప్టెంబరు ఎండలు తెలిసిందే కదా. ఆ తర్వాత పీకిన చెట్టు వానలో తడిసినా, తేమ 8 శాతం లోపుకు దిగకముందే మూటలు కట్టినా ఇంకా పెరుగుతుంది. కంటికి కనపడదు, ఏరినా పోదు, ల్యాబులో తేలుతుంది. కొందరు కాయ సులువుగా పగలడానికి నీళ్లు చల్లి కొడతారు, తూకం కూడా వస్తుందని. అక్కడ మొదలవుతుంది రోగం. నేను ఈ మాట అంటే తోటి మిల్లులవాళ్లకు కోపం వస్తుంది, రానీ.

ఇంకోటి కూడా రాసుకో తమ్ముడూ. మనం పంపేది 1202 కింద పచ్చి పప్పు. దాన్నే వేయించి, ఉప్పూ కారం పట్టించి పంపితే 2008 కోడ్ కిందికి పోతుంది. ఆ రెండు కోడ్‌ల కింద ఇండోనేషియాకు ఎంత పోతోందో పక్కపక్కన పెట్టి చూడు. నికెల్ సంగతి లెక్చరర్ సారు చెప్పారు చూడు, ముడిగా అమ్మాలా, తయారుచేసి అమ్మాలా అన్న ఆ ప్రశ్న బుడ్డలకూ వేయొచ్చు. మా ఆదోనిలో వేయించి పాకెట్ కట్టే యూనిట్ పెట్టాలని మాలో కొందరం అనుకున్నాం గానీ, అక్కడ వాళ్ల సొంత కంపెనీల బ్రాండ్లు పాతుకుపోయి ఉన్నాయి, మన పాకెట్ ఎవరు కొంటారని బ్యాంకువాడు అడిగాడు. జవాబు లేక లేచి వచ్చాం.

కడప_లెక్చరర్

ఆదోని గారు చెప్పిన రెండు వాటాల పద్ధతి మంచిది. కుర్రాడా, పట్టిక 2018-19 నుంచి మొదలుపెట్టు. 2021 నుంచి మొదలుపెడితే అన్నీ కోవిడ్, యుద్ధం ఏళ్లే వస్తాయి, మామూలు ఏడాది ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. 1202, 1511, 2701, 1701, 2710 ఈ ఐదింటికీ డాలర్లు, టన్నులు, టన్నుకు ధర మూడు కాలమ్‌లు వేసి ఇక్కడే పెట్టు. సరిచూసి చెప్తాం.

కళ్యాణదుర్గం_కుర్రాడు

సరే సార్, ఆదివారం లోపు పెడతా. మా నాయనకు ఎకరాకు 120 కిలోలు, 1,600 కిలోల లెక్క చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ చెట్టు మన నేలలో రాదా అని అడిగాడు.

ఆదోని_మిల్లు

గోదావరి జిల్లాల్లో, ఏలూరు వైపు వేస్తున్నారు, నీళ్లు సమృద్ధిగా ఉన్న చోట. కళ్యాణదుర్గంలో ఆ చెట్టుకు రోజూ నీళ్లు ఎక్కడినుంచి తెస్తాడో ముందు ఆయన్నే అడుగు.